పెద్దక్క సంతకం

కళ్లు మూసుకోమన్నారు కాబట్టి మూసుకుంది. మూసుకుంటే చుట్టుపక్కలున్నవి దూరమవుతాయనుకుంది గానీ, ల్యాబు ఇంకా దగ్గరగా జరిగి పక్కనే కూర్చున్నట్టయింది. గోడకు అవతల రక్తం ట్యూబుల్ని తిప్పే యంత్రం గిర్రుమంటోంది. దాని మూత వదులైంది, తిరుగుడు మధ్యలో చిన్నగా టకటకమంటోంది. స్క్రూ బిగించమని ఎవరో ఒకరు చెప్పాలి. ఇదివరకైతే అలాంటివి చెప్పే మనిషి ఒకావిడ ఉండేది. వద్దు, అటు వెళ్లకూడదు. నాలుగు లెక్కపెడుతూ పీల్చాలి, రెండు లెక్కలు ఆపాలి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. పొద్దున్న ఆరున్నర నుంచి వచ్చినవాళ్లకల్లా రక్తం తీసి, చేతులు కడుక్కుని, వేళ్ల సందుల్లో స్పిరిట్ వాసన ఇంకా పోకముందే పదకొండింటికల్లా అందరూ మీటింగు గదికి రావాలన్నారు. పన్నెండుమంది సిబ్బందికి గుండ్రంగా కుర్చీలు వేశారు. ఊపిరితో మనసును కుదుటపరచుకోవడం నేర్పేందుకు వచ్చినాయన పలచగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన మాటలతో ఉన్నాడు. శాంపిళ్లు తెచ్చే డ్రైవరు ఆయనకు అప్పుడే ‘ఊపిరి సారు’ అని పేరు పెట్టేశాడు. నెలన్నర కిందట జరిగిన పొరపాటు తర్వాత సిబ్బంది దిగులుగా ఉన్నారని, ఈ గంట ఏర్పాటు చేయించింది మేనేజరే. ఆయన కూడా ఒక కుర్చీలో బూట్లు విప్పి కూర్చున్నాడు. ఎడమ సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లుంది. కళ్లు మూసుకునే ముందు ఆమె చూసిన ఆఖరి దృశ్యం అదే.

“ముందు మీ శరీరానికి కృతజ్ఞత చెప్పండి,” అంటున్నాడు ఊపిరి సారు. “ఇంతదూరం నడిపించిన పాదాలకి. పని చేసిపెట్టిన చేతులకి.” పాదాలకు చెప్పింది. పొద్దున్నుంచి నిలబడే ఉన్నాయి పాపం, చెప్పొచ్చు. చేతుల దగ్గరికి వచ్చేసరికి ఊపిరి కొంచెం తడబడింది. ఈ చేతులు రోజుకు యాభై అరవై మంది చేతులు పట్టుకుంటాయి. లావువి, బక్కవి, వణికేవి, చెమట పట్టినవి, సూది చూడగానే చల్లబడిపోయేవి. మోచేతి లోపల వేలు ఆనించి నరం వెతుకుతుంటే ఒక్కొక్కరు ఆమె ముఖంలోకి చూస్తారు, తల్లిని చూసినట్టు. రెండు నిమిషాలు. తర్వాత దూది నొక్కిపట్టుకుని లేచి వెళ్లిపోతారు. అరవై మందిని తాకి ఇంటికి వెళుతుంది, తనను తాకేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. బస్సులో నిలబడ్డప్పుడు పక్కావిడ భుజం తగిలితే ఒక్కోసారి జరగకుండా అలాగే ఉండిపోతుంది. ఇది ఎవరితోనైనా అంటే నవ్వుతారు. పక్క స్టూలు మీద పనిచేసిన, ల్యాబంతా పెద్దక్క అని పిలిచే ఆవిడతో అంటే నవ్వేది కాదు. “నరం కళ్లతో వెతక్కే పిల్లా, వేలితో చూడు. కళ్లు మూసుకుని చూడు,” అనేది. పదకొండేళ్ల కిందట, చేరిన మొదటి వారం, తన చీర చెంగు పక్కకు తీసి, తన చెయ్యే బల్ల మీద పెట్టి, “కానీ, నా మీదే నేర్చుకో” అంది. మూడుసార్లు తప్పింది. మోచెయ్యి నీలంగా వాచింది. పెద్ద డాక్టరు కంట పడకూడదని ఆవిడ ఆ వారమంతా ఎండలు మండిపోతున్నా పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని తిరిగింది. అడిగినవాళ్లకు చలిజ్వరం అని చెప్పింది.

మళ్లీ అటే వెళ్లింది మనసు. “ఆలోచన వస్తే తిట్టుకోకండి. వచ్చిందని గమనించి, మెల్లిగా ఊపిరి దగ్గరికి తీసుకురండి,” అంటున్నాడు ఆయన. గమనించింది. తీసుకొచ్చింది. ముక్కు కొసన గాలి చల్లగా లోపలికి, వెచ్చగా బయటికి. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లూ గమనించనే లేదు. ఇప్పుడు చిన్న చిన్న వస్తువులకు కృతజ్ఞత చెప్పాలట. సరే. మూడో అంతస్తులో ఉండే రెండు గదుల ఇల్లు. దానికి కృతజ్ఞత. వంటగది కిటికీలోంచి ఎదుటి మేడవాళ్ల టీవీ వెలుగు నీలంగా గోడ మీద పడుతుంది. దానికీ. ఆ ఇంట్లో ఎవరో ఇంకా మెలకువగా ఉన్నారని తెలుస్తుంది. ఒక కంచం, ఒక గ్లాసు, ఒక గిన్నె కడిగి బోర్లించడానికి మూడు నిమిషాలు చాలు. దానికి కృతజ్ఞత చెప్పాలో వద్దో తెలియలేదు. ఫ్రిజ్ ఉంది. ఫ్రిజ్ అనగానే పెద్దక్క మోకాళ్ల మీద కూర్చుని ఉంది దాని ముందు. ఆమె భర్త సూట్‌కేసు పట్టుకుని వెళ్లిపోయిన నాలుగో రోజు, సెలవు చీటీ కూడా పంపలేదని ఎలాగో చిరునామా కనుక్కుని వచ్చింది. తలుపు తీసిన మనిషిని ఎగాదిగా చూసి, ఏం జరిగిందని గానీ, ఎక్కడికి పోయాడని గానీ ఒక్క మాట అడగలేదు. తిన్నగా వంటింట్లోకి నడిచి ఫ్రిజ్ తెరిచి, “అబ్బ, దీన్లో ఏదో ఎప్పుడో చచ్చిపోయిందే,” అంది. అరలన్నీ బయటకు లాగి, సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, రెండు గుడ్లు ఉడకబెట్టి, ఎదురుగా కూర్చుని తినిపించి వెళ్లింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మాత్రం, “రేపు ఆరున్నరకి రావాలి. నా ఒక్కదాని వల్ల కాదు,” అంది. అబద్ధం. ఆవిడ ఒక్కత్తే వందమందిని చూసుకోగలదు.

పదకొండేళ్లుగా పక్కపక్క స్టూళ్లు. అందులో కోపాలు లేవా అంటే ఉన్నాయి. పెద్దక్క పని చేస్తూ ముక్కుతో ఏదో కూనిరాగం తీస్తూనే ఉంటుంది, ఏ పాటో ఆవిడకే తెలియదు. డబ్బాలో ఆఖరి బిస్కెట్టు ఎప్పుడూ ఆవిడదే. పేషెంట్ల ముందే “ఏంటా జడ, తాడులా?” అనేస్తుంది. ఇప్పుడు ఆ స్టూలు మీద కొత్తగా చేరిన అమ్మాయి తన హ్యాండ్‌బ్యాగు పెట్టుకుంటోంది. ఆ పిల్ల తప్పేం లేదు. ఖాళీగా ఉంది, పెట్టుకుంది.

“ఇప్పుడు ఒక మనిషి,” అన్నాడు ఊపిరి సారు, గొంతు ఇంకా తగ్గించి. “మీకు మేలు చేసిన ఒక్క మనిషిని మనసు ముందుకు తెచ్చుకోండి. పీలుస్తూ ఆ ముఖం చూడండి. వదులుతూ లోపల్లోపలే చెప్పండి, నీ వల్ల నాకు మేలు జరిగింది అని.” గదిలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. ఆమె తొందర తొందరగా అమ్మను తెచ్చి నిలబెట్టింది. అమ్మ వచ్చింది, కానీ ఎప్పటిలాగే ఏదో పని మధ్యలో వచ్చినట్టు చేతులు తుడుచుకుంటూ నిలబడి, కాసేపటికే వెళ్లిపోయింది. చిన్నప్పటి లెక్కల టీచర్ని తెచ్చింది. ఆవిడ ముఖం గుర్తు రాలేదు, చేతి గడియారమొక్కటే గుర్తొచ్చింది. భర్త కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే, సూట్‌కేసుతో. పొమ్మంది. ఆ ముగ్గురి వెనకాల పెద్దక్క బల్లకు ఆనుకుని, చేతులు కట్టుకుని, తొందరేం లేదన్నట్టు తన వంతు కోసం ఎదురుచూస్తోంది. పీల్చడం వరకూ బాగానే ఉంది. వదలబోతే రాదు. నీ వల్ల నాకు మేలు జరిగింది అని చెప్పాలంటే, దాని వెనకాలే ఇంకో మాట లేచి వస్తుంది, నా వల్ల నీకేం జరిగిందో అది.

పొరపాటు జరిగిన ఆ పొద్దున్న కోర్టులో విడాకుల కేసు ఆఖరి వాయిదా. పదిన్నరకల్లా అక్కడ ఉండాలి. సెలవు అడిగితే ఎందుకని అడుగుతారు, చెప్పాలి, చెబితే సాయంత్రానికి ల్యాబంతా జాలిగా చూస్తుంది. “నువ్వు పదింటికి జారుకో పిల్లా, నేను చూసుకుంటాను,” అంది పెద్దక్క. తొమ్మిదీ నలభై అప్పుడు ఇద్దరు వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు. ముందు ఒక నడివయసాయన, తర్వాత ఎర్ర శాలువా కప్పుకున్న పెద్దావిడ. ఆయన రక్తం తీసింది. లేబుల్ అంటించబోతుంటే లాయరు ఫోను, ఎక్కడున్నారండీ, మన నంబరు ముందే పిలిచేలా ఉన్నారు అని. ఇదిగో వస్తున్నా అంటూ, ప్రింటరులోంచి వచ్చిన రెండు లేబుళ్లూ ఒలిచి ఎడమచేతి గ్లోవ్ వెనక్కి అంటించుకుంది. పాడు అలవాటు. “పేషెంటు లేవకముందే, పేరు చెప్పించుకుని, ట్యూబుకి అంటించు. చెయ్యేమైనా నోటీసు బోర్డా?” అని పెద్దక్క వందసార్లు తిట్టి ఉంటుంది. ఆ పెద్దావిడకి నరం దొరకడం కష్టమైంది. చాలా మెత్తగా నవ్వి, “నెమ్మదిగా చూడమ్మా, నాకేం పనుంది,” అంది. తీసింది. రెండు ట్యూబులకూ రెండు లేబుళ్లు అంటించింది. గ్లోవ్ ఊడదీసి పారేసి పరిగెత్తింది. ఆ ఇద్దరి పేర్ల ఎదురుగా రిజిస్టరులో రక్తం తీసినవాళ్ల సంతకం పెట్టలేదు. ఆ ఖాళీ చూసి పెద్దక్క తన సంతకం పెట్టింది. కోర్టులో నాలుగు నిమిషాల్లో అయిపోయింది. పదేళ్ల కాపురం. మెట్లు దిగుతూ ఫోన్ చేస్తే, “అయిపోయిందా? సరే, వచ్చెయ్. నీ టీ మూతపెట్టి ఉంచాను,” అంది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆపాలి. లేబుళ్లు తారుమారయ్యాయని మర్నాడు తెలిసింది. రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగింది పెద్దావిడకి, రిపోర్టు వెళ్లింది ఆయన పేరు మీద. బాగున్న మనిషిని ఆసుపత్రిలో పెట్టి చికిత్స మొదలుపెట్టారు. ఉంచాల్సిన మనిషికి అంతా బాగుందని చెప్పి ఇంటికి పంపారు. తెల్లారేసరికి ఆవిడ ఇంట్లో కుప్పకూలింది, అంబులెన్సులో తెచ్చారు. బతికింది. బతికిందని పెద్ద డాక్టరు చెప్పినప్పుడు ఆమె బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. వారం తర్వాత విచారణ ఇదే గదిలో. ఈ కుర్చీలే, కాకపోతే వరసగా వేశారు. పెద్ద డాక్టరు రిజిస్టరు తెరిచి, “ఈ రెండు శాంపిళ్లూ ఎవరు తీశారు?” అన్నాడు. పెద్దక్క ఎవరివైపూ చూడలేదు. కళ్లద్దాలు సవరించుకుని, “సంతకం నాదే సార్,” అంది. అంతే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అప్పుడు ఆమె నోరు తెరవాలి. తెరుద్దామనే అనుకుంది. మొగుడు పోయాడు, ఉద్యోగం కూడా పోతే ఇక పొద్దున్నే లేవడానికి కారణమేముంటుంది అన్న ఒక్క ఆలోచన అడ్డం నిలబడింది. రేపు చెబుదాం అనుకుంది. మర్నాడు పెద్దక్కను పిలిచి, రిటైరవడానికి ఇంకా ఏడు నెలలుండగానే ఇంటికి వెళ్లమన్నారు. టిఫిన్ డబ్బా, శాలువా, కళ్లజోడు పెట్టె సంచిలో వేసుకుంటూ, “యంత్రం మూత వదులైంది, మరమ్మతువాడికి చెప్పు,” అంది. అదే చివరి మాట. చెప్పలేదు ఇప్పటిదాకా.

ఆ తర్వాత ఐదు వారాలు. ఫోన్ తీసి పేరు నొక్కబోయి పెట్టెయ్యడం. సందేశం టైపు చేసి, చదువుకుని, చెరిపెయ్యడం. ‘అక్కా ఎలా ఉన్నావు’ అని రాస్తే ఎంత సిగ్గులేని మాటలా కనిపిస్తుందో. ఇంట్లో వాషింగ్ మెషీనుతో మాట్లాడుతోంది, ఇంకెంతసేపే నీకు అని. ల్యాబులో ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అసలు ఎవరూ ఆమెతో ఏమీ అనరు. ‘తర్వాతెవరు’ అన్న మాటే పొద్దున్న ఆమె నోట్లోంచి అరవైసార్లు వస్తుంది, మిగిలిన రోజంతా మాటకు కరువే. ఇంత ఒంటరితనం తనకు పడ్డ శిక్ష అనుకుని, అనుభవిస్తే సరిపోతుందని కూడా ఒక్కోసారి అనుకుంది. సరిపోలేదు. ఊపిరి వదలమంటున్నాడు ఆయన. ఆరు లెక్కలు. ఒకటి దగ్గరే ఆగిపోతోంది.

చిన్న గంట మోగింది. కళ్లు తెరవమన్నారు. తెరిస్తే అందరి ముఖాలూ నిద్రలేచినట్టు మెత్తగా ఉన్నాయి, మేనేజరుది కూడా. “ఎవరికి కృతజ్ఞత చెప్పారో, ఇష్టమైతే ఒక్క మాటలో పంచుకోండి,” అన్నాడు ఊపిరి సారు. ఎడమవైపు నుంచి మొదలైంది. డ్రైవరు తన నాన్నకన్నాడు. ఇంకొకరు వాళ్లావిడకన్నారు. కొత్తమ్మాయి తన కుక్కకని చెబితే నవ్వులు. మేనేజరు గొంతు సవరించుకుని, తన మొదటి బాసుకన్నాడు. ఆమె వంతు వచ్చేసరికి ‘అమ్మకు’ అని నాలుక చివర సిద్ధంగానే ఉంది. అనేస్తే అయిపోయేది.

“పెద్దక్కకి,” అంది. ఊపిరి వదిలింది. “ఆ రోజు ఆ ఇద్దరి రక్తం తీసింది నేను. లేబుళ్లు అంటించింది నేను. ఆవిడ ఆ ట్యూబుల్ని ముట్టుకోను కూడా లేదు.”

పెద్దక్క ఎవరో, ఏ ట్యూబులో తెలియని ఊపిరి సారు ప్రసన్నంగా తలాడించి, “చాలా బాగా చెప్పారు. తర్వాత?” అన్నాడు. తర్వాత కూర్చున్నది రిసెప్షన్ అమ్మాయి. ఆ పిల్ల కుర్చీ ఆమె వైపు తిప్పుకుంది. డ్రైవరు తల దించుకుని బూటు లేసు చూసుకుంటున్నాడు. మేనేజరు బూట్లు వెతుక్కుంటూ లేచి, “మీరొకసారి నా గదికి రండి మేడమ్,” అన్నాడు.

గదిలో ఆయన తలుపు మూశాడు. కోపంగా లేడు, అలసిపోయినట్టున్నాడు. “ఫైలు మూసేశాం. ఆవిడ ఒప్పుకుంది. ఇప్పుడు మీరిలా అంటే మళ్లీ మొదటికొస్తుంది. బాధలో అన్నానంటే, నేను విననట్టే ఉంటాను,” అన్నాడు. మంచివాడే. ఆ మంచితనంలోకి వెళ్లి కూర్చుంటే ఎంత హాయిగా ఉంటుందో ఆమెకు తెలుసు, ఐదు వారాలుగా కూర్చున్న చోటే అది. “ఒక కాగితం ఇవ్వండి సార్,” అంది. పదకొండు లైన్లు రాసింది. కోర్టు సంగతీ, చెప్పకుండా వెళ్లిన సంగతీ, గ్లోవ్ మీద అంటించుకున్న సంగతీ. కింద సంతకం పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి, “విచారణ అయ్యేదాకా రేపట్నుంచి కౌంటరు మీదకి రాకండి,” అన్నాడు. సరేనంది. ఆవిడను వెనక్కి పిలుస్తారా అని అడిగితే, తన చేతుల్లో లేదన్నాడు.

వెనకవైపు మెట్ల మీద కూర్చుని ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తింది పెద్దక్క.

“అక్కా, నేను.”

“తెలుస్తోందిలే.”

అంతా చెప్పింది, తలాతోకా లేకుండా. గుండ్రంగా వేసిన కుర్చీలు, కాగితం, మేనేజరు, లాయరు ఫోను, అన్నీ కలిపేసి. నీకు థాంక్స్ చెప్పమన్నారు, చెప్పబోతే ఇది వచ్చింది అంది. అవతల ఎక్కడో కుళాయి కారుతున్న శబ్దం, తర్వాత అది కట్టేసిన శబ్దం.

“నువ్వు చెప్తావని వారం రోజులు చూశాను పిల్లా. తర్వాత చూడ్డం మానేశాను.”

తిట్టి ఉంటే బాగుండేది. మెట్టు సిమెంటు చల్లదనం చీరలోంచి తెలుస్తోంది. ఫోన్ పెట్టేస్తుందేమోనని ఒక భయం, పెట్టకపోతే ఇంకేం అంటుందోనని ఒక భయం.

“ఆవిడెలా ఉంది?” అంది పెద్దక్క.

“ఎవరక్కా?”

“ఎవరేంటి? ఎర్ర శాలువా ఆవిడ. ఇంటికి పంపించేశామే.”

బతికిందని చెప్పారు, అని మొదలుపెట్టి ఆగిపోయింది. బతకడం వరకే తెలుసు. ఈ నెలన్నరలో రాత్రీ పగలూ తన తప్పును తిప్పి తిప్పి చూసుకుంది, పెద్దక్కను తలుచుకుంది, తనను తాను తిట్టుకుంది, జాలిపడింది. ఆవిడ ఎలా ఉందో ఒక్కసారి కూడా కనుక్కోలేదు. ఆవిడ పేరు తన చేతి మీదే ఉండింది, అది కూడా గుర్తులేదు.

“తెలీదక్కా.”

“కనుక్కో. కనుక్కుని అప్పుడు ఫోన్ చెయ్యి నాకు,” అని పెట్టేసింది.

రిసెప్షన్‌లో ఆ అమ్మాయి అప్పుడే వచ్చి కూర్చుంటోంది. ఆమె ఆ పెద్దావిడ వచ్చిన తారీకు, గంట చెప్పి ఫోన్ నంబరు అడిగింది. ఆ పిల్ల ఒక క్షణం ముఖంలోకి చూసి, కంప్యూటరులో వెతికి, బల్ల మీది ఫోన్ తన వైపు లాక్కుని తనే నంబరు కలిపి, రిసీవరు ఆమె చేతికిచ్చి, అవసరం లేకపోయినా లేచి నీళ్లు తెచ్చుకోవడానికి వెళ్లింది. రింగవుతోంది. నాలుగు, ఐదు. ఎవరూ ఎత్తకపోతే బాగుండుననుకుంది, అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. మగగొంతు ఎత్తింది. పెద్దావిడ పేరు చెప్పి, ఆవిడ ఉన్నారా అని అడిగింది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

“అమ్మా? బాల్కనీలో ఉంది, బట్టలు ఆరేస్తానంటుంది, వద్దన్నా వినదు. పిలుస్తానుండండి. ఎవరని చెప్పను?”

ల్యాబు నుంచి అనొచ్చు. తన పేరు చెప్పొచ్చు, కానీ అది ఆవిడకు తెలియదు.

“ఆ రోజు రక్తం తీసినావిడ అని చెప్పండి,” అంది.